కొర్లగుంట కిరాణా కొట్టు పిల్లి: 6.9 కిలోల నుంచి 5.2 కిలోలకు

సీనుగాడనే ఈ పిల్లిని మొదట పశువైద్యుడినైన నా దగ్గరికి తెచ్చింది లావు తగ్గించమని కాదు. తోక మొదట్లో వెంట్రుకలు ఉండలు కట్టాయి, వాటి సందుల్లో తెల్లటి పొట్టు. "తామరేమో చూడండి సార్, ఇంట్లో చిన్న పిల్లోడుండాడు" అంటూ ఇంటి కోడలు భయపడుతూ వచ్చింది. పాల ప్యాకెట్లు వచ్చే ప్లాస్టిక్ క్రేటులో పడుకోబెట్టి, పైన తువ్వాలు కప్పి తెచ్చారు. పిల్లులను తీసుకెళ్లే బుట్ట ఇంట్లో ఉందట గానీ, ఇప్పుడు అందులో పట్టడం లేదట.

నారింజ రంగు నాటు పిల్లి, మగది, ఐదేళ్లది. ఏడాది వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. ఇల్లు తిరుపతి కొర్లగుంటలో. కింద కిరాణా కొట్టు, మీద కాపురం. పగలంతా కొట్లో బియ్యం మూటల మీద పడక, రాత్రికి మేడ మీద. ఎలుకల బాధ పడలేక తెచ్చుకున్న పిల్లే. "ఇప్పుడు ఎలక ముందర్నుంచి పోయినా తల తిప్పి చూడదు సార్" అని కోడలి ఫిర్యాదు.

చర్మం చూశాను. గోమార్లు లేవు. వెంట్రుకలు పీకి మైక్రోస్కోపు కింద పెడితే ఫంగస్ కనిపించలేదు. మెడ, భుజాలు, ముందు కాళ్లు నిగనిగలాడుతున్నాయి. నడుం దాటాక మొదలైంది అసలు గోల. ఉండలు, పొట్టు, తోక కింద అంటుకున్న మలం. పిల్లి తన ఒళ్లు తానే నాకి శుభ్రం చేసుకునే జంతువు. ఒంటి ముందు భాగం శుభ్రంగా ఉండి వెనక భాగం మాత్రమే పాడైందంటే, నాలుక అక్కడిదాకా పోవడం లేదని అర్థం. దీనికి ఆయింట్‌మెంటు లేదు.

తూకం వేస్తే 6.9 కిలోలు. ఆపరేషన్ రోజు చీటీ వాళ్ల ఫోన్లో దొరికింది. అప్పుడు 4.3.

పిల్లుల ఒంటిని అంచనా వేయడానికి 9 పాయింట్ల బాడీ కండిషన్ స్కోరు వాడతాం. 5 అంటే సరైన ఒళ్లు. అక్కడి నుంచి ఒక్కో మెట్టుకు ఉండాల్సిన బరువు మీద 10 నుంచి 15 శాతం ఎక్కువని లెక్క. చెయ్యి బోర్లా పెట్టి, వేళ్ల వెనక ఎముకల మీద రెండో చేత్తో తడిమితే ఎలా తగులుతుందో, సరైన ఒళ్లున్న పిల్లి పక్కటెముకలు అలా తగలాలి. సీనుగాడికి గట్టిగా నొక్కినా తగల్లేదు. పైనుంచి చూస్తే నడుం వంపు లేదు. స్కోరు 9. ఉండాల్సిన బరువు 4.6 దగ్గర పెట్టుకున్నాను. అంటే సగానికి సగం ఎక్కువ.

ఒక మాట. వెనక కాళ్ల ముందు వదులుగా వేలాడే చర్మాన్ని చూసి "మా పిల్లికి పొట్ట వచ్చింది" అని చాలామంది వస్తుంటారు. ఆ సంచి బక్క పిల్లికీ ఉంటుంది, సహజంగా వచ్చేదే. నడిచేటప్పుడు అటూ ఇటూ ఊగే వట్టి చర్మమైతే పట్టించుకోనక్కర్లేదు. పట్టుకుంటే చేతి నిండా కొవ్వు వస్తే అప్పుడు మాట్లాడుకోవాలి.

పరీక్షలు ఎక్కువ చేయించలేదు. పొట్టలో నీరు లేదని స్కానింగ్‌లో తేల్చుకోవడానికి వెటర్నరీ యూనివర్సిటీ ఆస్పత్రికి పంపాను. 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉన్న ఊరు కావడం మనకు అచ్చొచ్చిన సంగతి. జిల్లాల్లో చాలా చోట్ల ఈ పనికి దూరం పోవాలి. నీరు లేదు, కొవ్వే. మోచేతి కీళ్ల ఎక్స్‌రేలో కొంచెం అరుగుదల కనిపించింది. రక్తంలో చక్కెర 172 ఉంది. ఇది చూసి షుగర్ అని రాసేయకూడదు. భయపడ్డ పిల్లికి చక్కెర ఇంతకన్నా పైకి కూడా పోతుంది. మూత్రంలో చక్కెర లేదు కాబట్టి ప్రస్తుతానికి షుగర్ లేదన్నాను. కానీ లావు పిల్లికి ఆ ముప్పు మామూలు పిల్లికన్నా కొన్ని రెట్లు ఎక్కువ. ఈ మాటతోనే కోడలు మెత్తబడింది. ఇంటి పెద్దాయనకు షుగర్ ఉంది, ఇంట్లో సూదులు తెలుసు.

"ఏం పెడుతున్నారు?" అని అడిగితే వచ్చిన జవాబు ప్రతి ఇంట్లోనూ ఒకటే. "పెద్దగా ఏం తినదు సార్. రెండు పూటలా డ్రై ఫుడ్డు, రవంత పాలు." నేను కాదనలేదు. ఒక వారం పాటు దాని నోట్లోకి పోయే ప్రతిదీ, పెట్టిన వాళ్ల పేరుతో సహా రాసుకురమ్మన్నాను.

ఇక్కడ పెద్దాయన రంగంలోకి దిగాడు. నలభై ఏళ్లుగా అప్పుల ఖాతా రాసిన చెయ్యి. ఆ పొడుగాటి పుస్తకంలోనే ఒక పేజీ తీసి, పైన "సీను" అని పెట్టి, మామూలు ఖాతాదారుడికి రాసినట్టే తేదీ, సరుకు, గ్రాములు, ఎవరి చేత్తో అన్నీ రాశాడు. గ్రాములకు ఇబ్బంది లేదు, కొట్లో ఎలక్ట్రానిక్ తరాజు ఉంది. వారం తర్వాత ఆ పుస్తకం నా టేబుల్ మీద పరిచి, "ఇదేంది సామీ, వీడు నాకన్నా ఎక్కువ మందితో సావాసం చేస్తాండాడు" అన్నాడు.

రోజువారీ సగటు తీశాం. గిన్నెలో వేసే డ్రై ఫుడ్డు 40 గ్రాములు. ప్యాకెట్ వెనక చిన్నక్షరాల్లో ఉన్న కేలరీల ప్రకారం 148. అది మామూలే, చెప్పాలంటే తక్కువే. తర్వాతి వరుసలు చూడండి. అవ్వ పొద్దున పోసే వెన్న తియ్యని పాలు 60 మిల్లీలీటర్లు, 55 కేలరీలు. మధ్యాహ్నం ఆమే కలిపి పెట్టే నెయ్యి చుక్కేసిన పెరుగన్నం, 60. కొట్టుకొచ్చే వాళ్లు విసిరే బన్ను ముక్కలు, బిస్కెట్లు, 25. మనవడు ట్యూబుల్లోంచి పిండే పిల్లుల చిరుతిండి క్రీము, 15. ఆదివారం కోడి చర్మం, వారానికి పంచితే రోజుకు 20. గిన్నె లోపలిది 148, గిన్నె బయటిది 175. మొత్తం 323.

ఈ ఒక్క పేజీ కోసమే నేనీ కేసు రాస్తున్నాను.

పిల్లి లావైందని తెలియగానే ఇంట్లో వాళ్లు మొదట చేసే పని గిన్నెలో సగం తగ్గించడం. ఈ ఇంట్లోనూ నా దగ్గరికి రాకముందే ఒకసారి చేశారట, ఫలితం లేక మానేశారట. చేస్తే ఏమవుతుంది? గిన్నెలో ఉన్నది ఒక్కటే పిల్లికి తగ్గట్టు తయారైన తిండి. దాన్ని తగ్గిస్తే మిగిలేది పాలు, పెరుగన్నం, బన్ను. పిల్లి మాంసం మీదే బతకాల్సిన జంతువు. టారిన్ అనే పదార్థం కుక్కలాగా ఒంట్లో సరిపడా తయారు చేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. అది చాలకపోతే పిల్లి గుండె కండరం సడలిపోతుందని 1987లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్లు తేల్చారు. కంటి చూపు కూడా పోతుంది. అన్నంలో టారిన్ లేదు, పాలలో ఉన్నది పిల్లికి చాలదు. అంటే గిన్నె తగ్గించిన ఇంట్లో పిల్లి లావుగానే ఉంటుంది, లోపల మాత్రం కండ కరిగిపోతుంది. ఆకలికి ఇంకా అరుస్తుంది, అరిస్తే జాలిపడి ఇంకో ముద్ద పెరుగన్నం.

బన్ను గురించి పెద్దాయనకు ఒక సందేహం. "తీపంటే పిచ్చి దీనికి." కాదు. పిల్లికి తీపి తెలియదు. నాలుక మీద తీపిని పట్టే జన్యువు పిల్లుల్లో పనిచేయదని 2005లో బయటపడింది. అది వచ్చేది వెన్న, డాల్డా వాసనకు. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఇన్నాళ్లూ ఉత్త బన్ను వేస్టేనన్న మాట" అన్నాడు.

లెక్క ఇలా వేశాం. ఉండాల్సిన బరువు 4.6 కిలోలు. దాన్ని 0.75 ఘాతానికి పెంచి 70తో గుణిస్తే ఊరికే పడుకున్న పిల్లికి రోజుకు కావలసిన శక్తి వస్తుంది, 220 కేలరీలు. బరువు తగ్గడానికి అందులో 80 శాతం, అంటే 176. ఇప్పటి బరువు 6.9 మీద లెక్క వేయకూడదు, వేస్తే ఆ కొవ్వుకు కూడా భోజనం పెట్టినట్టే.

176 కేలరీలకు మామూలు డ్రై ఫుడ్డు కొలిచి పెట్టినా పిల్లి సన్నబడుతుంది. కానీ తిండి తగ్గినంత మేర ప్రోటీనూ విటమిన్లూ తగ్గుతాయి. అందుకని బరువు తగ్గించడానికే తయారుచేసిన తిండికి మార్చాను. ప్రోటీన్ ఎక్కువ, కేలరీలు తక్కువ. ఖరీదు ఎక్కువే. రోజుకు 30 గ్రాములే కాబట్టి పాల ప్యాకెట్టు, క్రీము ట్యూబుల ఖర్చు మిగిలాక పెద్ద తేడా రాలేదని పెద్దాయనే లెక్కగట్టాడు. ఆ 30 గ్రాములకు 102 కేలరీలు, ఒక వెట్ ఫుడ్డు (తడి తిండి) పౌచ్‌కు 60. మిగిలిన 14 అవ్వకు.

అవ్వకు ఎందుకంటే, ఆమె చేతిని ఆపితే ఈ పథకం వారం కూడా నిలవదు. ఆమె నాతో అన్న మాట ఇది: "నోరు లేని జీవి నాయనా, కాళ్ల దగ్గరికొచ్చి అడిగితే ఎట్ల కాదంటాను?" కాదనొద్దన్నాను. చర్మం తీసి ఉప్పు కూడా వేయకుండా ఉడికించిన కోడి రొమ్ము ముక్కలు, రోజుకు 8 గ్రాములు, ఆమె చేత్తోనే. కూరలోవి వద్దు. ఉల్లి, వెల్లుల్లి ఉడికినా పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. అయితే శనివారం అవ్వ మాంసం ముట్టదు. ఆ రోజు 30 గ్రాముల డ్రై ఫుడ్డులోంచే నాలుగు గింజలు పక్కన పెట్టుకుని ఆమె వేస్తుంది. పిల్లికి కావలసింది ఆ చెయ్యి. అందులో ఏముందన్నది దానికి అంత పట్టింపు ఉండదు.

కొత్త తిండి రోజుకు కొంచెం చొప్పున పాతదాంట్లో కలుపుతూ పది రోజుల్లో మార్చమన్నాను. సగం సగం దగ్గరికి వచ్చేసరికి సీనుగాడు గిన్నె వాసన చూసి వెళ్లిపోయాడు. సాయంత్రానికీ ముట్టలేదు. కోడలు ఫోన్ చేసింది. "ఉండనీ సార్, ఆకలైతే అదే తింటాది."

కుక్క విషయంలో ఈ మాట చెల్లుతుంది, పిల్లి విషయంలో ప్రాణం మీదికి వస్తుంది. లావు పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే ఒంట్లోని కొవ్వంతా ఒక్కసారి కాలేయం మీద పడుతుంది. పిల్లి కాలేయానికి ఆ కొవ్వును అంత వేగంగా ఖర్చు చేసే శక్తి లేదు. కణాల నిండా కొవ్వు పేరుకుని కాలేయం చతికిలబడుతుంది, కామెర్లు వస్తాయి, అప్పుడు తిండి పెట్టినా తినదు. ముక్కులోంచో మెడలోంచో ట్యూబు వేసి వారాల తరబడి తినిపించాల్సి వస్తుంది. ఎంత లావుంటే అంత ప్రమాదం. పట్టుదలగా పస్తు పెట్టి సన్నం చేద్దామనుకున్న ఇళ్ల నుంచి పచ్చబడ్డ కళ్లతో వచ్చిన పిల్లులను చూశాను. అందుకే ఈ ఇంటికి నేను పెట్టిన నియమం ఒక్కటే గట్టిది: ఒక రోజంతా ఏమీ తినకపోతే పాత తిండి పెట్టి నాకు ఫోన్ చేయాలి, రెండో రోజుకూ తినకపోతే క్రేటులో వేసుకుని రావాలి. బరువు సంగతి తర్వాత.

పాత పాళ్లకు వెనక్కి పోయాం. వెట్ ఫుడ్డును గోరువెచ్చగా చేసి పెడితే వాసనకు దగ్గరికొచ్చింది. మార్పు పది రోజులు కాస్తా మూడు వారాలైంది. అయితే ఏం, తొందరేముంది? వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం తగ్గితే చాలు. 6.9 కిలోల పిల్లికి అది 35 నుంచి 70 గ్రాములు. బాత్రూం తూకం మీద పిల్లిని ఎత్తుకుని నిలబడితే ఈ తేడా అసలు కనిపించదు. కొట్టు తరాజు మీద ఉల్లిగడ్డల బుట్ట పెట్టి, సున్నా చేసి, అందులో సీనుగాడిని కూర్చోబెట్టి, ప్రతి ఆదివారం పొద్దున ఖాతాలో ఎక్కించారు.

కొట్లో కొనేవాళ్ల చేతులను ఆపడం పెద్దాయన పని. అట్టముక్క మీద "సీనుకు ఏమీ పెట్టవద్దు. డాక్టరు ఆర్డరు" అని రాసి బిస్కెట్ల సీసాల పక్కన వేలాడదీశాడు. చదివి నవ్వి, అయినా పెట్టేవాళ్లు ఉంటారు. అలాంటి వాళ్ల పేర్లు కూడా ఖాతాలో రాయడం మొదలుపెట్టాక తగ్గారు.

కీళ్ల నొప్పి ఉన్న లావు పిల్లిని పరిగెత్తించడం కుదరదు. తిండి కోసం కదిలించవచ్చు. అడవిలోనో వీధిలోనో బతికే పిల్లి రోజుకు ఎన్నోసార్లు కొంచెం కొంచెంగా తింటుంది. ఒక చిట్టెలుకలో సుమారు 30 కేలరీలు ఉంటాయి, అంటే సీనుగాడి రోజు భోజనం దాదాపు ఆరు ఎలుకలు. మేమూ ఆరు వాయిదాలు చేశాం. డ్రై ఫుడ్డులో సగం కోడిగుడ్ల అట్ట ట్రేలో గుంతకు రెండు మూడు గింజల చొప్పున వేస్తారు. కాలితో గీకి తీసుకుని తినాలి. రెండు నిమిషాల్లో అయ్యే పని పావుగంట పట్టేది. ట్రేను వారానికొక మెట్టు పైకి జరుపుతూ పోయారు. మనవడికి ఈ పని నచ్చింది, క్రీము ట్యూబుల బెంగ తీరింది.

నొప్పి మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. కుంటుతోందని జాలిపడి కొట్టుకొచ్చిన ఒకాయన పారాసిటమాల్ అర మాత్ర వేయమన్నాడట. కోడలు నన్ను అడిగి ఆగింది. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పిల్లిని చంపగలదు. అర కూడా వద్దు, నలిపి నీళ్లలో కలిపిందీ వద్దు.

జనవరిలో 6.9తో మొదలై ఫిబ్రవరికి 6.75, మార్చికి 6.5, ఏప్రిల్‌కు 6.3, మే మొదట్లో 6.15 అయింది. అప్పటికే తోక మొదట్లో ఉండలు కత్తిరించిన చోట కొత్త వెంట్రుకలు వచ్చి, సీనుగాడు కష్టపడి అక్కడిదాకా వంగుతున్నాడు.

తర్వాత గంగమ్మ జాతర. తాతయ్యగుంట గంగమ్మ జాతరంటే కొర్లగుంటలో చుట్టాలు రాని ఇల్లుండదు. వేషాలు, అంబలి, ఇంటింటా వేట మాంసం. వచ్చిన వాళ్లలో ఎవరికీ ఖాతా సంగతి తెలియదు, తెలిసినా పండగ పూట ఎవరు వింటారు? జూన్‌లో తూకం 6.3. జాతర అయిపోయి చుట్టాలు వెళ్లాక కూడా బరువు దిగకపోయేసరికి పెద్దాయన పుస్తకం మళ్లీ మొదట్నుంచి చూశాడు. పుస్తకంలో తప్పు లేదు. తప్పు గోడ అవతల ఉంది. జాతర రోజుల్లో దారి మరిగిన సీనుగాడు రోజూ మధ్యాహ్నం పక్కింటి వంటింటి కిటికీ దగ్గర హాజరు వేయించుకుంటున్నాడు. ఆ ఇంట్లో వాళ్లు పిల్లి బక్కచిక్కిందని, ఇంట్లో సరిగా పెట్టడం లేదని అనుకున్నారట!

అంతకు నెల ముందువరకు గోడ ఎక్కలేని పిల్లి గోడ దూకి దొంగతిండికి పోయిందంటే, డాక్టరుగా నేను మెచ్చుకోవాలో తిట్టాలో తెలియలేదు. పక్కింటావిడకు కోడలు 5 గ్రాముల ఉడికిన కోడి ముక్కలు డబ్బాలో పెట్టి ఇచ్చింది, అవి మాత్రమే పెట్టమని. ఆ 5 గ్రాములు అవ్వ వాటాలోంచి తీసినవి. అవ్వ రెండు రోజులు నా పేరెత్తలేదట.

జులైకి 6.1. అక్కడ నుంచి జోరు తగ్గింది, మూడు వారాలు తరాజు కదల్లేదు. ఒళ్లు తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది, ఇది అందరికీ వచ్చేదే. 176ను 160కి దించాం, అదీ డ్రై ఫుడ్డులోంచి, పౌచ్ ముట్టుకోకుండా. వెట్ ఫుడ్డులో నీళ్లే ఎక్కువ, కడుపు నిండినట్టు ఉంటుంది, మగ పిల్లికి మూత్రం ఇబ్బందుల దృష్ట్యా కూడా మంచిదే. ఆగస్టులో 5.9.

సెప్టెంబరు, అక్టోబరుల మధ్య పెరటాసి నెల వస్తుందంటే నాకు గుబులుగానే ఉండింది. నెలంతా ఇంట్లో మాంసం వండరు. కోడి ముక్క ఉడకాలంటే ఎక్కడ ఉడకాలి? అవ్వే దారి చూపింది. నెల రోజులూ శనివారం పద్ధతే, డ్రై ఫుడ్డు గింజలే. "నేను నెల పొడుగునా ఒంటిపూట తింటా, వాడు గింజలు తినలేడా" అంది. సెప్టెంబరులో 5.65, అక్టోబరులో 5.4, నవంబరులో 5.2. పెరుగన్నం మళ్లీ మొదలవకపోవడమే ఆ నెలలో జరిగిన గొప్ప విషయం.

చర్మానికి మందేదీ వాడలేదు. ఇప్పుడు తోక దాకా తానే నాక్కుంటున్నాడు. మూత్రంలో చక్కెర ఇప్పటికీ లేదు, క్లినిక్‌లో రక్తం తీస్తే 118 వచ్చింది. పక్కటెముకలు నొక్కితే తగులుతున్నాయి. స్కోరు 6కు, 7కు మధ్య. కీళ్ల అరుగుదల పోలేదు, పోదు కూడా, కానీ కొట్టు కౌంటరు మీదికి ఒక్క దూకులో ఎక్కుతున్నాడు.

ఇంకా 600 గ్రాములు ఉంది. తొందరపడకుండా వేసవి దాకా ఇదే పద్ధతి సాగిస్తాం. 4.6కు వచ్చాక పాత 323కి పోవడం కుదరదని ఇప్పుడే చెప్పి ఉంచాను. సన్నబడ్డ పిల్లికి ఆకలి మునుపటిలాగే ఉంటుంది, అవసరం మాత్రం తక్కువ. రెండు వారాలకొకసారి 10 శాతం చొప్పున పెంచుతూ, తరాజు నిలకడగా ఉన్న చోట ఆపాలి. బహుశా 200కు కాస్త అటూ ఇటూగా ఆగుతుంది. పెద్దాయన ఖాతా పేజీ అయిపోయిందని కొత్త పేజీ తీశాడు. పాత బాకీ 600 గ్రాములు పైన ఎక్కించాడు.